మైల నీళ్ళు, సద్ది నీళ్ళు

నీళ్ళ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను పలకరించడానికి వస్తారు. టీ తాగుతూ, "మీ సర్వీసులో గొప్ప కేసు ఒకటి చెప్పండి సార్" అంటారు. గొప్పవి చెప్పుకోవడానికి ఇంజనీర్లున్నారు. నేను నల్లాల దగ్గర సీసాల్లో నీళ్ళు పట్టి ప్రయోగశాలకు చేరవేసినవాణ్ణి. నా దగ్గర ఉన్నది ఒక తప్పు. దాన్ని ఎర్ర రంగుతో, జానెడేసి అక్షరాలతో, పదిమంది నడిచే చోట గోడ మీద రాశాను. అదే చెబుతాను.

మా తాత పాలమూరు జిల్లా నుంచి రాళ్ళు మోయడానికి బొంబాయి వచ్చాడు. మా నాన్న గోడలు కట్టాడు. నేను కామాఠిపురాలో, కూలీల ఒంటిగదులు వరసగా ఉండే ఒక చాల్‌లో పుట్టి, ఏడో తరగతి దాకా తెలుగు బడిలో, ఆపైన మరాఠీలో చదివి, సర్కారు కుర్చీ కాకపోయినా సర్కారు సీసా సంపాదించాను. ఇంట్లో తెలుగు, గల్లీలో హిందీ, ఆఫీసులో మరాఠీ. రెండు పడవల మీద కాళ్ళు పెట్టవద్దంటారు పెద్దలు. నేను మూడింటి మీద పెట్టి జీతం తీసుకున్నాను. మునిగితే ఎక్కడ మునుగుతానో తెలియలేదు అంతే.

నా పని చాలా సులువుగా కనిపిస్తుంది. స్పిరిట్‌లో ముంచిన దూది వెలిగించి నల్లా మూతి కాల్చాలి. తర్వాత నల్లా తిప్పి రెండు మూడు నిమిషాలు నీళ్ళు వదిలెయ్యాలి. అప్పుడు సీసాలో పట్టి, మూత బిగించి, ఐసు పెట్టెలో పెట్టుకుని మధ్యాహ్నంలోగా ప్రయోగశాలలో ఇవ్వాలి. నీళ్ళు వదిలెయ్యడం ఎందుకంటే, నల్లా మూతి మురికి సీసాలో పడకుండా పైపులోని అసలు నీళ్ళు దొరకాలని. నియమం మంచిదే. నేను దాన్ని నిష్ఠగా పాటించాను. నా నిష్ఠ వల్లే అసలు సంగతి నా కళ్ళ ముందునుంచి మోరీలోకి పారిపోయిందని తర్వాత తెలిసింది.

ఎనభైల నడుమ ఒక వానాకాలం. ఫోరస్ రోడ్ వైపు ఒక గల్లీలో, అందరూ తెలుగువాళ్ళే ఉండే మూడంతస్తుల చాల్‌లో వాంతులు, బేదులు మొదలయ్యాయి. పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పడుతున్నారు. ఆ చాల్ మొత్తానికి వాకిట్లో ఒకే నల్లా. తెల్లవారే వేళ గంటన్నర సేపు నీళ్ళు వస్తాయి. ఆ గంటన్నరలోనే తాగడానికి, వండడానికి, ఉతకడానికి, పాయఖానాకు, అన్నిటికీ పట్టుకోవాలి.

మా ఓవర్సియర్ సాహెబు కొంకణం మనిషి. కోపం ముక్కు మీద ఉండేది, మనసు మాత్రం మంచిది. ఆయన నన్ను పిలిచి, "అరే, ముందు జాగ్రత్తగా అక్కడ ఒక సూచన రాసిరా. నీళ్ళలో మైలా కలిసి ఉండవచ్చు, కాచి తాగండి అని. మీవాళ్ళకు మరాఠీ చదవడం రాదు కదా, నీ తెలుగులో రాయి" అన్నాడు. మరాఠీలో మైలా అంటే మలం, మురుగు. ఆయన సరిగ్గానే చెప్పాడు. నేను బ్రష్షు, ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వెళ్ళి నల్లా పక్క గోడ మీద ఇలా రాశాను: "ఈ నల్లా నీళ్ళలో మైల కలిసింది. కాచి తాగవలెను."

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. చావు వచ్చిన ఇంటికి పట్టే మైల తెలియని తెలుగువాడుంటాడా అని. నాకూ తెలుసు. మా అమ్మ పోయినప్పుడు నేనూ పట్టాను. కాని రోజంతా మరాఠీలో రాసి రాసి ఉన్న చెయ్యి, మైలా అని వినగానే దీర్ఘం తీసేసి మైల అని రాసింది. అక్షరాలు కుదురుగా వచ్చాయని రెండడుగులు వెనక్కి నిలబడి మురిసిపోయాను కూడా.

ఆ వారంలో రెండుసార్లు నమూనాలు పట్టాను. రెండుసార్లూ "నీళ్ళు మంచివి" అని కాగితం వచ్చింది. సాహెబు ఆ కాగితం నా ముందు పడేసి, "నీళ్ళు బాగున్నాయి. మీవాళ్ళ చేతులు, బిందెలే బాగాలేవు. వెళ్ళి చెప్పు" అన్నాడు. నేను వెళ్ళి చెప్పాను. వాకిట్లో నిలబడి, చేతులు సబ్బుతో కడుక్కోండి, బిందెలు తోముకోండి, నీళ్ళు మరిగేదాకా కాచండి అని గొంతు చించుకున్నాను. రేషన్‌లో వచ్చే కిరోసిన్ అన్నం ఉడకడానికే చాలదని నాకు తెలియదా? తెలుసు. అయినా చెప్పాను. చేతిలో ఆఫీసు కాగితం ఉంటే మనిషికి తన ఇంటి పొయ్యి కూడా గుర్తుకురాదు.

మూడోసారి వెళ్ళినప్పుడు వర్షంలో బస్సు దొరక్క, గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి నడిచేసరికి ఆలస్యమైంది. నీళ్ళు ఆగిపోయే వేళ. నల్లా దగ్గర ఎవరూ లేరు, ఒక్క మనిషి తప్ప. నిండు చూలాలు. పక్కన నాలుగేళ్ళ కూతురు. సన్నగా పడుతున్న ధార కింద హండా పెట్టి, నడుం మీద చెయ్యి వేసుకుని ఎదురుచూస్తోంది.

"ఇప్పుడొచ్చినవేంది చెల్లె, నీళ్ళు బంద్ అయ్యే టైంల?" అన్నాను.

"మాది మైల గదన్నా. అందరిదయినంకనే నేను పట్టుకోవాలె."

మామ చనిపోయాడని ఊరి నుంచి కబురొచ్చిందట. చూలాలు చావింటికి పోగూడదని ఆమెను, కూతురిని ఇక్కడే వదిలి, భర్త దినాలకు పాలమూరు వెళ్ళాడు. ఆ ఇంటికి మైల ఉన్నమాట నిజమే. కాని చాల్‌లో అంతకుముందు ఎవరి చావుకూ నల్లా లైను మార్చలేదు.

"గోడ మీద రాసిన్రట అన్నా, నీళ్ళల్ల మైల కలిసిందని. ఎవలో ఆఫీసోళ్ళు. గప్పట్నుంచి నన్ను ముందుగాల ముట్టనిస్తలేరు. నేను పట్టుకొని పోయినంక నల్లాకు పసుపు నీళ్ళు చల్లుతరు."

నా చేతిలో ఐసు పెట్టె బరువెక్కింది. రాసింది నేనేనని చెప్పాల్సింది. చెప్పలేదు. ఆమె హండా ఎత్తబోతుంటే నేను ఎత్తి మూడో అంతస్తు దాకా మోశాను. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకున్నాను కాబోలు. అప్పట్లో నా ప్రాయశ్చిత్తాలు చవకగా ఉండేవి.

ఆమె ఖోలీ, ఆ ఒంటిగది, కొసన ఉంది. కూతురు పళ్ళెంలో జొన్న గట్క వేసుకుని గబగబా తింటోంది. దారిలో ప్రతి గుమ్మం ముందూ వాడిన పిల్లల్ని చూసుకుంటూ వచ్చినవాణ్ణి కదా, ఆ తిండి చూస్తే ముచ్చటేసింది. "పిల్ల మంచిగున్నదే" అన్నాను.

ఆమె ముఖం చిన్నబోయింది. "గదే నా మీదికొచ్చింది అన్నా. అందరి పిల్లలు పడ్డరు, దీనికేం గాలేదు. నేనే బాణామతి చేయించిన్నంటున్నరు. రేపు ఖోలీ ఖాళీ చేసి వర్లిల మా మేనమామ కాడికి పొమ్మన్నరు. ఆయన కాడ ఒక్క ఖోలీల తొమ్మిది మందున్నరు. నాకు నొప్పులు ఎప్పుడొస్తయో తెల్వది. మా ఆయన వచ్చేదాక ఉండనియ్యుమని అడిగిన. వద్దన్నరు."

ఆమె మూత తీసిన హండాలోకి చూశాను. నీళ్ళు అడుగు కనిపించేలా ఉన్నాయి.

"నీళ్ళు తేటగున్నయి" అన్నాను.

"ఆఖరుకు వచ్చేటియి తేటగనే ఉంటయన్నా. ఇదివరకు ముందుగాల పట్టినప్పుడు ఇంత తేటగ లేకుండె. నేను బట్ట పెట్టి వడగట్టేదాన్ని."

నేను వదిలేసే ఆ రెండు మూడు నిమిషాల నీళ్ళు ఎవరు తాగుతున్నారు? లైనులో ముందున్నవాళ్ళు. ఎవరు తాగడం లేదు? అందరి చివర పట్టే ఈమె ఒక్కతే.

నేరుగా అవ్వ దగ్గరికి వెళ్ళాను. ఆ చాల్‌కు ఆమె పెద్ద. వయసులో ఉండగా నెత్తిన సిమెంటు గమేళాలు మోసి పిల్లల్ని పెంచింది. నల్లా లైను ఆమె మాట మీద నడిచేది. తొలి బిందె ఆమెది, అదీ దేవుడికి. అందులోంచే తీర్థంలా, మైల ఇంటికి తప్ప, చాల్ పిల్లలందరికీ గుక్కెడు పోసేది. ఆమె మనవడు అప్పుడు దవాఖానాలో సెలైను సీసా కింద ఉన్నాడు.

"అవ్వా, ఆ పిల్లను రేపు పంపకు. తప్పు నాది. నేను రాసిన మైల వేరే. మురికి అని" అన్నాను.

"రాసినోనివి నువ్వే, గిప్పుడు గది కాదనెటోనివి నువ్వేనా? నా మనుమడు సావు బతుకుల్ల ఉన్నడు. దాని బిడ్డ దుముకులాడుతున్నది. గిదెట్ల?"

"రేపు పొద్దున నీళ్ళు వచ్చినప్పుడు చూపిస్తా. అప్పటిదాక ఆగు అవ్వా, నీ కాళ్ళు మొక్కుతా."

అవ్వ కాళ్ళు వెనక్కి లాక్కుంది. "రేపు నీళ్ళు బంద్ అయ్యేదాక. గంతే" అంది.

ఆ సాయంత్రం చావీవాలా ఇంటికి వెళ్ళాను. పొడుగాటి ఇనప చావీతో రోడ్డు కింద వాల్వులు తిప్పి గల్లీ గల్లీకి నీళ్ళు వదిలే మనిషి. చదువు లేదు, కాని ఏ పైపు ఎక్కడ పండుకుని ఉందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. నా అనుమానం చెబితే నవ్వాడు. "నేను చావీ తిప్పగానే మొదట గాలి వస్తుంది, తర్వాతే నీళ్ళు. నీళ్ళు లేని వేళ పైపులోకి ఆ గాలి ఎక్కణ్ణుంచో దూరింది కదా? గాలి దూరిన చోట గట్టర్ మురుగు దూరదా? ఆ చాల్ పైపు పాయఖానా వెనక గట్టర్‌లోంచే పోతుంది. వానకు గట్టర్ నిండి ఉంది" అన్నాడు. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదే?" అంటే, "నన్ను ఎవరడిగారు?" అన్నాడు. అడగనిది నేనే.

మర్నాడు తెల్లవారేసరికి నల్లా దగ్గర ఉన్నాను. చాల్ మొత్తం వాకిట్లోకి దిగింది. కొందరు నీళ్ళ కోసం, కొందరు తమాషా కోసం. కొసఖోలీ ఆమె మెట్ల దగ్గర కూతురి చెయ్యి పట్టుకుని నిలబడింది. వెనకాల ఒక మూట. నా లెక్క తప్పితే ఆమె ఆ మూటతో, ఆ వానలో వర్లికి పోవాలి.

నల్లా గుర్రుమంది. గాలి తుస్సుమని వచ్చింది. వెంటనే నీళ్ళు. ఉద్యోగంలో మొదటిసారి నియమం తప్పి, ఒక్క క్షణం కూడా వదలకుండా గాజు సీసా పట్టాను. అవ్వ ఇంట్లోంచి తెప్పించిన గాజు గ్లాసులో కూడా పట్టి గట్టు మీద పెట్టాను. లైను అక్కడే ఆపేసి నీళ్ళు అలాగే వదిలాను. బంగారం లాంటి నీళ్ళు మోరీలోకి పోతుంటే వెనకనుంచి నాకు పడిన తిట్లు ఇక్కడ చెప్పదగినవి కావు. కొంతసేపయ్యాక రెండో గ్లాసు పట్టి మొదటిదాని పక్కన పెట్టాను.

అప్పటికి వెలుతురు వచ్చింది. ఇన్నాళ్ళూ చీకట్లో, ఇత్తడి బిందెల్లో పట్టుకున్న ఆ తొలి నీళ్ళను పగటి వెలుగులో, గాజులోంచి ఎవరూ చూసి ఉండలేదు. గ్లాసు అడుగున నల్లటి నలక. పైన మడ్డి రంగు. అవ్వ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. తల పక్కకు తిప్పుకుంది. మళ్ళీ వాసన చూసింది.

"గిదేనా నేను దేవునికి పెట్టింది?" అంది. తర్వాత ఇంకా మెల్లగా, "గిదేనా నా మనుమనికి తాపింది?"

ఆ ముసలిదాని గొంతు నేను ఇప్పటికీ మరిచిపోలేను. ఆమె లేచి మెట్ల దగ్గరికి నడిచింది. క్షమించమని అనలేదు. వాళ్ళ తరంలో ఆ మాట లేదు. మూట తీసి చంకన పెట్టుకుని, "నడువు బిడ్డా, పైకి" అని చూలాలి చెయ్యి పట్టుకుని మూడంతస్తులూ ఎక్కించింది.

నీళ్ళ గొడవ మాత్రం తీరలేదు. ఆఫీసులో సాహెబు నా ఫారం చూసి మండిపడ్డాడు. "నల్లా వదలకుండా ఎవరు పట్టమన్నారు? ఈ నమూనా చెల్లదు. పైవాళ్ళు నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ తీస్తారు." అప్పుడు గుమ్మంలో అవ్వ. తడిసిన చీర, చేతిలో కొంగు కప్పిన గ్లాసు. నన్ను అడగకుండానే వెనకాల వచ్చేసింది. గ్లాసు తెచ్చి సాహెబు బల్ల మీద ఫైళ్ళ మధ్య పెట్టింది.

"సాహెబ్, తుమారా కాగజ్ పానీ అచ్ఛా బోల్తా నా? తో పీవ్."

నీ కాగితం మంచివన్నది కదా, తాగు, అని. సాహెబు గ్లాసు వైపు చూశాడు. అవ్వ వైపు చూశాడు. ఆయనకు కూడా ఊళ్ళో ఇలాంటి తల్లే ఉండి ఉంటుంది. గొడుగు తీసుకుని లేచి, "పద, పైపు చూపించు" అన్నాడు.

చూశాడు, తవ్వాలన్నాడు. కాని మా శాఖ తవ్వే మనుషులందరూ ఆ వానలకు వేరే చోట్ల ఉన్నారు, రావడానికి వారం పడుతుందన్నాడు. ఆ మాట విని చాల్ మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వారు. ఈ నగరంలో సగం రోడ్లు తవ్విన చేతులవి. "మేం తవ్వుతం సాహెబ్. నువ్వు జెర పక్కకు నిలబడు, షూస్ ఖరాబైతయి" అన్నాడు ఒకాయన. కూలికి పోకుండా ఆగి, మధ్యాహ్నానికల్లా పైపు బయటపెట్టారు. గట్టర్‌లో మునిగి ఉన్న చోట వేలు దూరేంత బెజ్జం. దానికి ఎప్పుడో ఎవరో చుట్టిన గోనెపట్టా కుళ్ళి వేలాడుతోంది. సాహెబు తన సంతకంతో అప్పటికప్పుడు కొత్త పైపు ముక్క తెప్పించాడు. చావీవాలా దగ్గరుండి దాన్ని గట్టర్ పైనుంచి, గోడ పట్టుకుని పోయేలా బిగించాడు. చెల్లని నమూనా కాగితం తర్వాత వచ్చింది. అందులో ఏముందో మీకు చెప్పనక్కర్లేదు.

అవ్వ మనవడు దవాఖానా నుంచి ఇంటికి వచ్చాడు. పిల్లలందరూ కోలుకున్నారు. దేవుడి దయ. చూలాలికి భర్త ఊరినుంచి వచ్చిన మూడో రోజున కొడుకు పుట్టాడు. పురుడు పోసింది అవ్వే.

ఇలాంటి పైపులు చుట్టుపక్కల ఇంకా ఎన్నో ఉన్నాయి, అన్నీ ఒక్కసారి మార్చలేం. అందుకని సాహెబు తెలుగు చాల్‌లన్నిటిలో కొత్త సూచన రాయమన్నాడు. ఈసారి బ్రష్షు ముంచే ముందు నేను కొసఖోలీకి వెళ్ళాను. ఆమె పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. నాకు టీ ఇచ్చింది.

"చెల్లె, 'మొదటి నీళ్ళు తాగవద్దు, పారబోయండి' అని రాద్దామనుకుంటున్న. మంచిగున్నదా?"

"మొదటియి అనకన్నా. మొదటియి అంటే మంచియనే అనుకుంటరు. దేవునికి పెడతరు."

"మరి ఏమని రాయాలె?"

పిల్లాడి నోరు కొంగుతో తుడిచింది. "నిన్న వచ్చి పైపుల పండుకున్న నీళ్ళే గద అవి? సద్ది నీళ్ళు అని రాయి. సద్దిది దేవునికి ఎవలు పెడతరు?"

అంతే రాశాను. "ముందు వచ్చేవి సద్ది నీళ్ళు. రెండు బిందెలు పాయఖానాకు ఉంచండి. తర్వాతవి తాగండి." ఒక్కరు కూడా తప్పుగా అర్థం చేసుకోలేదు. అర్థం ఏమిటని అడిగి, సాహెబు దాన్నే 'శిళే పాణీ' అని మరాఠీ గోడల మీద కూడా రాయించాడు. అక్షరం ముక్క రాని మనిషి నోటి మాట ఆఫీసు సూచన అయింది. ఆ తర్వాత నా సర్వీసు మొత్తంలో, ఎవరి కోసం రాస్తున్నానో వాళ్ళకు ముందు చదివి వినిపించకుండా ఏ గోడ మీదా ఏదీ రాయలేదు. మీరూ అలాగే చెయ్యండి. ఇంతకంటే పెద్ద సలహా నా దగ్గర లేదు.

ఆ రోజు టీ గ్లాసు కింద పెట్టి, లేచి, గుమ్మం దగ్గర మళ్ళీ ఆగాను. ఇంకా దాచుకుంటే మనిషిని కాననిపించింది. "చెల్లె, ఆ గోడ మీద మైల అని రాసింది నేనే" అన్నాను.

"ఎర్కనే అన్నా. అవ్వ గా దినమే చెప్పింది. నువ్వెప్పుడు చెప్తవో అని చూస్తున్న."

నేను తలెత్తలేదు. ఆమె పిల్లాణ్ణి భుజం మీదికి ఎత్తుకుంది. "నువ్వు రాయకుంటే నేను గూడ అందరితోని ముందుగాలనే పట్టుకుందును. నా బిడ్డ గూడ దవాఖానల పడుండు. పోనియ్యి" అంది.

ఆ మాట ఆమె అనవచ్చు, నేను అనకూడదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అనలేదు. నెలలు నిండిన మనిషిని అందరి చివర నిలబెట్టింది నా చేతిరాతే, ఏ మంచీ దాన్ని మాఫీ చెయ్యదు. కాని ఆమె అలా అన్నందువల్లనే, మర్నాడు సీసాల పెట్టె పట్టుకుని మళ్ళీ ఆ గల్లీలోకి తలెత్తుకుని నడవగలిగాను.